ఆ హోటల్ గదిలో బెబె

క్రిస్టియన్ ముంగియు సినిమా '4 నెలలు, 3 వారాలు, 2 రోజులు' రెండుసార్లు చూశాను. మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో. 2007లో కాన్‌లో పామ్ డోర్ వచ్చిందట కదా అని మొదలుపెట్టి, ఒక్కో టేకు ఎంత పొడుగుందో చూసుకుంటూ కూర్చున్నాను. రెండోసారి మొన్న. ఈసారి బెబె దగ్గర ఆగిపోయాను.

జనాభా పెంచాలని చౌషెస్కు 1966లో తెచ్చిన 770వ డిక్రీ రొమేనియాలో అబార్షన్‌ని దాదాపుగా నిషేధించింది. 1989 డిసెంబర్లో ఆయన ప్రభుత్వం కూలాకే అది రద్దయింది. కథ జరిగేది 1987లో. గర్భవతి గబిత, తోడొచ్చిన రూమ్మేట్ ఒటీలియా, దొంగచాటుగా ఈ పని చేసే బెబె.

బెబె మామూలు విలన్‌లా అరవడు. కదలకూడదు, జ్వరమొస్తే ఇలా చెయ్యాలి, రక్తం ఇలా పోతుంది అని ఓపిగ్గా చెప్తాడు. మంచి డాక్టర్ చెప్పాల్సిన మాటలే. కాకపోతే ఫీజుగా ఇద్దరమ్మాయిల శరీరాలూ అడుగుతాడు. ప్రమాదం ఏమిటో తెలిసి "సరే" అన్నారు కాబట్టి అది అంగీకారమేనా? చట్టం తలుపు మూసేస్తే, ఆ కాస్త వైద్యం తెలిసినవాడే ప్రభుత్వం, వాడే కోర్టు. ఒటీలియా వాడి బ్యాగులోంచి చాకు తీసే ముక్క మాత్రం నాకిప్పటికీ అనవసరమనిపిస్తుంది. అంత భయం గదిలో ఆల్రెడీ ఉంది.

బాత్రూమ్ నేల మీద పిండాన్ని ముంగియు దాచకుండా చూపిస్తాడు. అది అబార్షన్ వ్యతిరేకులకు పనికొచ్చే షాట్ అని కోప్పడేవాళ్ళుంటారు. నేను ఒప్పుకోను. నాలుగు నెలలు దాటిన గర్భం ఎలా ఉంటుందో చూడకుండా దానిపై హక్కు గురించి వాదించడం చవక పని. చూశాక కూడా నేను ఒటీలియా వైపే ఉన్నాను.

మన దగ్గర 1971 నుంచీ ఎం.టి.పి. చట్టం ఉంది కదా అనుకుంటాం. అది చదివితే తెలిసింది, అందులో ఆడదాని హక్కు కన్నా డాక్టర్‌కి రక్షణ ఎక్కువ. నిర్ణయం ఆమెది కాదు, సదుద్దేశంతో డాక్టర్ ఏర్పరచుకున్న అభిప్రాయానిది. 2021 సవరణలో "భర్త" పక్కకెళ్ళి "భాగస్వామి" వచ్చాడు. గడువు కొందరికి 24 వారాలైంది. డాక్టర్ అభిప్రాయం అక్కడే ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఒక ఫ్రెండ్‌కి తోడుగా హైదరాబాద్‌లో ఒక హాస్పిటల్‌కి వెళ్ళాను. రిసెప్షన్లో ఫారం నా వైపు తోసి "హస్బెండ్ సైన్ చెయ్యండి సర్" అన్నారు. తనని ఒక్క మాటా అడగలేదు. చేసేశాను. పద్దెనిమిది నిండిన స్త్రీకి ఆమె అంగీకారం ఒక్కటే చాలని అదే చట్టంలో రాసుంది. చట్టంలో లేని షరతులు పెట్టొద్దని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టూ చెప్పింది. అప్పటికి నాకు ఇవేవీ తెలీవు. పని త్వరగా అయిపోయిందని సంతోషించాను కూడా. బయటికొచ్చాక తను అడిగింది, "నీకు అంత ఈజీగా ఎలా వచ్చిందిరా సంతకం?"

సినిమా చివర్లో ఇద్దరూ హోటల్ రెస్టారెంట్లో ఎదురెదురుగా కూర్చుంటారు. ఈ సంగతి ఇంకెప్పుడూ మాట్లాడుకోవద్దంటుంది ఒటీలియా. మేమూ మళ్ళీ మాట్లాడుకోలేదు. ఇది అచ్చయ్యే ముందు తనకి పంపాను. "పేరు పెట్టకు, మిగతాది ఉంచు" అంది.