ఒకటిని వదిలేసే విద్య

డ్రమ్ సెట్ ముందు కూర్చున్న ఎవరి కాలైనా "ఒకటి" అనగానే బేస్ డ్రమ్ పెడల్ మీద పడుతుంది. పెళ్లి బ్యాండు నుంచి సినిమా పాట దాకా మన చెవులు పెరిగింది ఆ మొదటి దెబ్బ మీదే. రెగే నేర్చుకుందామని కూర్చున్న మొదటి వారమంతా నాకు నా కుడికాలితోనే పేచీ. వద్దన్నచోటే కొట్టేది.

రెగేకి మూలమైన వరసను 'వన్ డ్రాప్' అంటారు. నాలుగు లెక్కలు పెట్టుకోండి. ఒకటి దగ్గర బేస్ డ్రమ్మూ స్నేరూ ఊరుకుంటాయి. మూడు దగ్గర రెండూ కలిసి ఒక్కసారే పడతాయి. రెండు, నాలుగు గిటార్‌వి: చక్, చక్. త్యాగరాజ కీర్తనల్లో సమం, అంటే తాళంలోని మొదటి దెబ్బ, దాటాక ఎత్తుకునేవి ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ ఆగడం మనకు మరీ కొత్తేమీ కాదు. కాకపోతే అక్కడ గొంతు ఆగినా చేయి తాళం వేస్తూనే ఉంటుంది. ఇక్కడ ఆగాల్సింది తాళం వేసేవాడే.

మూడో లెక్క దగ్గర స్నేర్‌ను చాలాసార్లు మామూలుగా కొట్టరు. ఎడమ అరచేతిని చర్మం మీద ఆన్చి, కర్ర నడుముతో లోహపు అంచును తడతారు. దాన్ని క్రాస్ స్టిక్ అంటారు. కర్ర రెండంగుళాలు అటూ ఇటూ జరిగితే చప్పుడు చచ్చిపోతుంది. చోటు దొరికితే చెక్కపలక మీద తట్టినట్టు 'టక్' మంటుంది. ఆ 'టక్' కింద బేస్ డ్రమ్ 'ధుం' ఒకే క్షణంలో పడాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అవి రెండు దెబ్బలై విడిపోతాయి.

కుడిచేయి హై-హ్యాట్ అనే జంట రేకుల మీద. ప్రతి లెక్కకీ ఒక దెబ్బ, మధ్యలో మరొకటి. ఆ మధ్య దెబ్బ సరిగ్గా సగంలో పడితే పాట గడియారంలా నడుస్తుంది. "తకిట" అనుకుంటూ 'త' మీదా 'ట' మీదా కొట్టి, 'కి'ని మింగేయండి. ఊపు వచ్చేస్తుంది. మెట్రోనోమ్‌ను నిమిషానికి 100 దగ్గర పెట్టి మొదలుపెట్టడం మేలు. ఈ లెక్కన చాలా పాటల నడక 140కి అటూ ఇటూ ఉంటుంది.

ఈ నడక జమైకాలో పుట్టింది. రాస్తాఫారీల న్యాబింగి మేళంలో మూడు డ్రమ్ములుంటాయి: లోతుగా పలికే బేస్, గుండె చప్పుడులా నిలకడగా సాగే ఫుండే, వాటి మీద ఆటలాడే రిపీటర్. 1964లో ఏర్పడిన స్కా బృందం స్కాటలైట్స్ డ్రమ్మర్ లాయిడ్ నిబ్ ఆ మేళాల సారాన్ని డ్రమ్ సెట్ మీదికి తెచ్చినవారిలో ముఖ్యుడు. స్కా వేగం తగ్గి రాక్‌స్టెడీ అయింది. 1968 ప్రాంతంలో రెగే వచ్చింది. వన్ డ్రాప్‌ను లోకానికి వినిపించినవాడు బాబ్ మార్లే వెనక కూర్చున్న కార్ల్‌టన్ బారెట్. ఆయన స్నేర్ బిగువుగా, పై శ్రుతిలో మోగుతుంది. మార్లే బృందం వెయిలర్స్ పాటలు చాలావాటికి తలుపు తీసేది ఆయన డ్రమ్ ఫిల్లే.

వన్ డ్రాప్ చేతికొచ్చాక రెగేలోని మరో రెండు నడకలూ సులువు. నాలుగు లెక్కల మీదా బేస్ డ్రమ్ పడితే 'స్టెపర్స్'. 1977 నాటి మార్లే 'ఎక్సోడస్' పాటలో వినొచ్చు. కింగ్‌స్టన్‌లోని చానెల్ వన్ స్టూడియోలో స్లై డన్‌బార్ బేస్ డ్రమ్‌కు పని పెంచి 'రాకర్స్' శైలిని నిలబెట్టాడు. ఈ రెంటిలోనూ ఒకటికి దెబ్బ తిరిగొస్తుంది. అందుకే వీటితో మొదలుపెట్టినవాళ్లకు వన్ డ్రాప్ మరీ కష్టం.

ఇంతకీ ఒకటిని ఎందుకు వదలాలి? కార్ల్‌టన్ పక్కన ఆయన అన్న ఆస్టన్ బేస్ గిటార్ వాయించేవాడు. రెగేలో పాటను మోసేది ఆ బేస్. డ్రమ్మర్ తప్పుకున్న చోటులోనే అది ఊపిరి పీల్చుకుంటుంది. 2018లో యునెస్కో జమైకా రెగేను మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వారసత్వంలో ఈ మౌనం కూడా ఉంది.

నా కాలు ఇప్పటికీ అప్పుడప్పుడు ఒకటి దగ్గర లేస్తుంది. మడమ నేలకు ఆన్చి పట్టుకుంటాను. రెండు. మూడు రాగానే వదులుతాను.