హౌజులో పాచి తీసే చేతులు

చార్మినార్ పక్కన మక్కా మసీదు ఆవరణలో హౌజు అనే నీళ్ల తొట్టి గట్టున కూర్చొని, నమాజుకు ముందు ముఖం, కాళ్లూచేతులూ కడుక్కొని వజూ చేసుకునేవాళ్లకు నీళ్లు తేటగా ఉండడం మామూలు విషయమే. కానీ ఆరుబయట నిలవ ఉన్న నీళ్లకు పచ్చబడడమే సహజం. ఎండ ఉంది, దుమ్ము ఉంది, పావురాల రెట్ట ఉంది. పాచికి ఇంకేం కావాలి? పాతబస్తీలో ఇలాంటి హౌజులు కడిగే పనివాడి ఒడుపు చూసి తీరాలి. నీళ్లు తోడేశాక గోడ ఆరకముందే గట్టి బ్రష్షు అందుకుంటాడు. ఎండితే పాచి రాతిని కరుచుకుంటుందని అతనికి తెలుసు. పైనుంచి కిందికి రుద్దుకుంటూ వస్తాడు. మూలల్లో, రాళ్ల అతుకుల్లో వేలు పెట్టి తడుముతాడు. కంటికి అందని జారుడు వేలికి దొరుకుతుంది. బ్లీచింగ్ పౌడరును గుప్పెళ్లతో చల్లేయడు. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే తీసుకుంటాడు. దాన్ని కొత్తనీళ్లలో కలిపేది పొద్దు వాలాకే, ఎందుకంటే ఎండకు క్లోరిన్ తొందరగా విరిగిపోతుంది. రుద్దకుండా మందు పోస్తే జిగట పొర చాటున పాచి బతికిపోతుంది, కొన్నాళ్లకే మళ్లీ పచ్చగా పలకరిస్తుంది. ముసలాయన జారకుండా గట్టున కాలు పెట్టాడంటే, దోసిట్లో నీళ్లు హాయిగా ముఖానికి తగిలాయంటే, అది ఆ చేతుల చలవే. మేడ మీది ట్యాంకైనా, పిల్లల ఈత తొట్టయినా వరుస ఇదే: ముందు బ్రష్షు, తర్వాతే మందు.