జంగం కథలో టాన్యా: కృష్ణా పశ్చిమ డెల్టా శ్రామిక సంస్కృతిపై రష్యా విప్లవ ప్రభావం

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు కృష్ణా పశ్చిమ డెల్టాలోని మాగాణి సీమలు. ఇక్కడి శ్రామికుల్లో అధికులు వ్యవసాయ కూలీలు. నగర కార్మికుడిని కేంద్రంగా చేసుకున్న రష్యా విప్లవ భావన వీరిని ఎలా చేరిందన్నది ఆలోచించవలసిన విషయం. అనువాద గ్రంథాలు, పత్రికలు చదువరులకే పరిమితం. అక్షరం తెలియని శ్రోతకు ఆ భావనను అందించినది ప్రదర్శన కళ.

గుంటూరు జిల్లాకే చెందిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922) ఈ క్రమంలో తొలి మలుపు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన ఉన్నవ రష్యా విప్లవం నుంచి సమతాభావాన్ని స్వీకరించి దానిని పల్లె కూలి సమస్యతో, కులంతో ముడివేశారు. కూలీలను సంఘటితం చేసిన సంగదాసు భూస్వామి చేతిలో ప్రాణం కోల్పోతాడు. విదేశీ భావన ఇక్కడ మాలపల్లె అనుభవంగా మారింది.

1938లో బాపట్ల ప్రాంతంలోని మంతెనవారిపాలెంలో జరిగిన రాజకీయ పాఠశాల కార్యకర్తలకు సిద్ధాంతం నేర్పింది. 1940లలో ప్రజానాట్యమండలి కళాకారులు దానిని పాటగా, కథగా మలిచారు. జంగం కథ నుంచి రూపుదిద్దుకున్న బుర్రకథలో సోవియట్ వీరవనిత 'టాన్యా' కథానాయిక అయింది. 1941 నవంబరులో మాస్కో సమీపాన నాజీ సైన్యం ఉరితీసిన జోయా కొస్మొదెమ్యాన్‌స్కయా శత్రువులకు చెప్పిన పేరే టాన్యా.

పరాయి పేరు గల నాయికను పల్లె శ్రోతకు దగ్గర చేసినది కథా నిర్మాణమే. చిత్రహింసకు లొంగని నాయిక వీరగాథా సంప్రదాయంలో సులభంగా ఒదిగింది. వంతలలో ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం చెప్పే పద్ధతి దూరదేశపు యుద్ధాన్ని స్థానిక జీవితంతో పోల్చి వ్యాఖ్యానించే వీలు కల్పించింది.

అయితే ఈ సౌలభ్యానికి ఒక మూల్యం ఉంది. 1942 ఆగస్టు 12న తెనాలిలో క్విట్ ఇండియా ఉద్యమకారులపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ఏడుగురు మరణించారు. నేటి రణరంగ చౌక్ వారి స్మారకమే. అదే కాలంలో కమ్యూనిస్టు పార్టీ యుద్ధాన్ని ప్రజాయుద్ధంగా పేర్కొంది. బ్రిటిష్ తుపాకీకి బలైనవారు కళ్లెదుటే ఉన్న నేలపై, బ్రిటన్‌కు మిత్రదేశమైన రష్యా వీరనారి త్యాగాన్ని గానం చేయవలసిన వైరుధ్యం కళాకారులకు ఎదురైంది. 'మాలపల్లి'లో కేంద్రస్థానం పొందిన కులప్రశ్న సైతం ఫాసిస్టు వ్యతిరేక వీరగాథలో వెనక్కు జరిగింది.

కనుక విదేశీ విప్లవ ప్రభావాన్ని కేవలం స్వీకరణగా లెక్కించడం చాలదు. ప్రతి స్వీకరణలోనూ ఒక ఎంపిక ఉంది. డెల్టా కూలీకి టాన్యా ధైర్యాన్ని ఇచ్చి ఉండవచ్చు. సంగదాసు అడిగిన ప్రశ్నకు మాత్రం ఆమె కథ సమాధానం కాలేదు. ప్రజాకళల చరిత్రను ఈ రెండింటి మధ్య ఉన్న ఎడంతో కలిపి చదవాలి.