మేకు తలలు – తూటా గుర్తులు

1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్‌కి ఆ పేరు అమెరికాలోని బ్లాక్ పాంథర్ పార్టీ నుంచి వచ్చిందని మనకు తెలుసు. ఆ పార్టీ మనుషుల గురించి తెలిసింది మాత్రం తక్కువ. హొవార్డ్ ఆల్క్ దర్శకుడిగా, మైక్ గ్రే నిర్మాతగా 1971లో వచ్చిన ‘ది మర్డర్ ఆఫ్ ఫ్రెడ్ హాంప్టన్’ డాక్యుమెంటరీని అందుకే చూడాలంటున్నాం.

హాంప్టన్ పార్టీ ఇల్లినాయ్ శాఖ అధ్యక్షుడు. పేద తెల్లవాళ్లనీ ప్యూర్టోరికన్లనీ నల్లవాళ్లతో ఒకే కూటమిలోకి తెచ్చినవాడు. 1969 డిసెంబర్ 4 తెల్లవారుజామున షికాగోలో, ప్రభుత్వ ప్రాసిక్యూటర్ హాన్రహాన్ కింద పనిచేసే పోలీసులు అతని ఇంటిమీద పడి కాల్చి చంపారు. వయసు 21. ముందుగదిలో మార్క్ క్లార్క్‌నీ చంపారు. ఎదురుకాల్పులన్నాడు హాన్రహాన్. ఈ మాట మనకు కొత్తదేం కాదు.

పోలీసులు ఇంటికి సీలు వెయ్యలేదు. అప్పటికే హాంప్టన్ మీద సినిమా తీస్తున్నవాళ్లు కెమెరాతో లోపలికెళ్లారు. పార్టీ ఆ ఇంటిని జనానికి తెరిచిపెట్టింది. వేలమంది వరసకట్టి చూసిపోయారు. షికాగో ట్రిబ్యూన్ పత్రికేమో పాంథర్లు కాల్చిన తూటాల గుర్తులివిగో అని ఫొటోలు వేసింది. తీరా చూస్తే అవి మేకుల తలలు! హాన్రహాన్ టీవీ కోసం తన పోలీసులచేత దాడినంతా మళ్లీ నటింపజేశాడు. సినిమా ఆ నటన పక్కనే ఆ తలుపుల్నీ గోడల్నీ చూపిస్తుంది. వ్యాఖ్యానం అక్కర్లేకుండానే అబద్ధం బయటపడుతుంది. 1970లో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ తేల్చిన లెక్క: పోలీసులవి 82 నుంచి 99 తూటాలు, పాంథర్లది ఒక్కటి.

ఈ రెండో సగం బిగువు చూసి, మొదటి సగంలో ప్రసంగాలు ఎక్కువని విసుక్కునేవాళ్లుంటారు. టైం చాలదని మీటింగుల్లో దాన్ని కోసెయ్యొద్దు. తూటాల లెక్క మాత్రమే చూసినవాళ్లకి హాంప్టన్ శవంగానే గుర్తుంటాడు. అతను పిలిస్తే జనం పలికే తీరు చూస్తేనే కదా ప్రభుత్వం ఎందుకు భయపడిందో తెలిసేది.

మా పేచీ వేరేచోట. సినిమా హాన్రహాన్ దగ్గరే ఆగిపోతుంది. ఇంటి పటం గీసిచ్చి మంచం ఎక్కడుందో చూపించింది పార్టీలో రక్షణ బాధ్యత చూసిన విలియం ఓనీల్. అతను ఎఫ్.బి.ఐ. మనిషని బయటపడింది 1973లో. ఆ తప్పు సినిమాది కాదు. కానీ ఇవాళ దీన్ని వేసేవాళ్లు ఆ సంగతి చెప్పకపోతే, షికాగోలో కొందరు పోలీసులు దుర్మార్గులు అనుకుని జనం ఇంటికెళ్లిపోతారు. న్యాయానికి అడ్డుపడ్డాడన్న కేసులో హాన్రహాన్ 1972లో నిర్దోషిగా బయటపడ్డాడు. 1982లో ఫెడరల్, కౌంటీ, నగర ప్రభుత్వాలు మూడూ కలిసి 18.5 లక్షల డాలర్లకి రాజీ చేసుకున్నాయి. ఆ ఇంటిమీద పడ్డ పోలీసుల్లో ఒక్కడికీ శిక్ష పడలేదు.