మూడో రిబ్బన్

ఏ సైనికాధికారి ఫొటో కంటబడినా నా చూపు ముందు మొహం మీదికి పోదు, ఎడమ జేబు పైకి పోతుంది. అక్కడ అంగుళంపావు వెడల్పున్న రిబ్బన్ ముక్కలు వరుసగా పేర్చి ఉంటాయి. పెరేడ్ రోజున వాటికి పతకాలు వేలాడతాయి, మామూలు రోజుల్లో గుడ్డముక్కలే. విశాఖలో కాపురముంటే ఈ అలవాటు అంటుకోక తప్పదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పక్కన జీపులో ఓ వరుస కనబడుతుంది. పచ్చలైటు వెలిగేలోగా చదివెయ్యాలి.

చదవడం కష్టమేమీ కాదు. ఎదురుగా ఉన్నవాడికి అది తెలుగు లైనులాగే ఎడమ నుంచి కుడికి సాగుతుంది. పెద్ద గౌరవం మొదట, చిన్నది తర్వాత. సగం తెలుపు, సగం నారింజ రంగుంటే మహావీర చక్ర. సగం ముదురు నీలం, సగం నారింజ అయితే వీర చక్ర. బంగారు వన్నె గుడ్డ మీద నీలి గీతలుంటే విశిష్ట సేవా పతకాలు. కొత్తవాళ్లు తడబడేది వీటి దగ్గరే. ఒక గీత పరమ విశిష్ట, రెండు గీతలు అతి విశిష్ట, మూడు గీతలు ఉత్త విశిష్ట. గీతలు పెరిగేకొద్దీ పతకం చిన్నదవుతుంది. 1960లో వీటిని పెట్టినప్పుడు ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి అనే పిలిచేవారు. 1967లో పేర్లు మార్చారు కానీ గీతల జోలికి పోలేదు. అందుకే గుడ్డ మీద పాత తరగతులు ఇంకా అలాగే ఉన్నాయి.

ఈ వారం నా బల్ల మీదున్న ఫొటో అడ్మిరల్ అరుణ్ ప్రకాశ్‌ది. 2004 జులై చివర్లో నౌకాదళాధిపతి అయి, 2006 అక్టోబర్‌లో దిగిపోయారు. రిబ్బన్లకు పైన బంగారు రెక్కలున్నాయి. అంటే పైలట్ అన్నమాట. పై వరుసలో ముందు ఒక గీత, పక్కన రెండు గీతలు, తర్వాత నీలం-నారింజ, ఆ తర్వాత మూడు గీతలు. పరమ విశిష్ట, అతి విశిష్ట, వీర చక్ర, విశిష్ట. వీటిలో శత్రువు ఎదుట నిలిచి గెలుచుకున్నది ఒక్కటే, అది మూడో స్థానంలో ఉంది. కాలక్రమంలో చూస్తే మాత్రం అదే ముందు వచ్చింది, 1971 నాటిది. అప్పటికాయన లెఫ్టినెంట్.

అసలు ఆ మూడో రిబ్బనే ఒక విచిత్రం. ఆయన నౌకాదళం మనిషి, ఓడ మీద నుంచి ఎగరడం నేర్చినవాడు. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్‌తో యుద్ధం మొదలయ్యేసరికి సముద్రానికి వందల మైళ్ల దూరంలో, పంజాబ్‌లోని పఠాన్‌కోట్‌లో ఉన్నారు. ఒక దళం పైలట్‌ని కొన్నాళ్లు ఇంకో దళానికి పంపే పద్ధతి ఒకటుంది. దాని కింద వైమానిక దళం 20వ స్క్వాడ్రన్‌లో హంటర్ విమానాలు నడుపుతున్నారు. ఆ స్క్వాడ్రన్‌కు నాయకుడు వింగ్ కమాండర్ సెసిల్ పార్కర్. అదే యుద్ధంలో ఆయనకు మహావీర చక్ర వచ్చింది, పదవీ విరమణ చేశాక మన సికింద్రాబాద్‌లో స్థిరపడ్డారు.

హంటర్ ముక్కు కింద నాలుగు 30 మిల్లీమీటర్ల తుపాకులుంటాయి. మీట నొక్కితే ఉన్న గుళ్లన్నీ కొన్ని సెకన్లలో అయిపోతాయి. అందుకని పైలట్ గురి చూసుకుని, చటుక్కున కొట్టి, వచ్చిన దారినే నేలబారుగా వెనక్కి పరిగెత్తాలి. యుద్ధం తొలిరోజుల్లోనే రావల్పిండి పక్కన చక్లాలా వైమానిక స్థావరం మీద అలాంటి దాడి జరిగింది. నేల మీద నిలబెట్టిన విమానాలు తగలబడ్డాయి. వాటిలో ఒక చిన్న రెండింజిన్ల బీచ్‌క్రాఫ్ట్ ఉంది. అది పాకిస్తాన్‌ది కాదు, అప్పుడు ఇస్లామాబాద్‌లో అమెరికా సైనిక ప్రతినిధిగా ఉన్న చక్ యేగర్ వాడుకునేది. 1947లో లోకంలో మొట్టమొదట ధ్వని వేగాన్ని దాటి ఎగిరిన యేగరే ఆయన. ఆయనకు ఒళ్లు మండిపోయింది. కావాలనే తన విమానాన్ని ఏరికోరి కొట్టారని, ఇది అమెరికాకు జరిగిన అవమానమని తన ఆత్మకథలో చిందులు తొక్కారు. దాన్ని కొట్టింది బహుశా తానే అయి ఉంటానని చాలా ఏళ్ల తర్వాత అరుణ్ ప్రకాశ్ ఒక వ్యాసంలో సరదాగా రాశారు. గంటకు నాలుగైదు వందల మైళ్ల వేగంతో పోయేవాడికి కింద ఉన్న విమానం ఎవరిదో చూసే తీరిక ఎక్కడిది? యేగర్‌కు ఇది తెలియంది కాదు. కోపం అలాంటిది.

వీర చక్ర ఆ ఒక్క విమానానికి ఇచ్చింది కాదులెండి. శత్రువు ఎదుట నేల మీద గానీ, సముద్రంలో గానీ, ఆకాశంలో గానీ చూపిన సాహసానికి ఆ చక్రం ఇస్తారని నిబంధన. ఒక నావికుడు ఆకాశంలో ఎగిరి నేల మీదున్నవాటిని కొట్టి దాన్ని తెచ్చుకుంటే, నిబంధనలోని మూడు మాటలూ ఒకే మనిషిలో కలిశాయి. నాకీ సంగతి ఇష్టం.

అరుణ్ ప్రకాశ్ పఠాన్‌కోట్‌లో ఉన్న రోజుల్లోనే ఆయన సొంత దళం బంగాళాఖాతంలో ఏం చేస్తోందో విశాఖవాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. విమానవాహక నౌక విక్రాంత్ అండమాన్ల వైపు దాక్కుంది. అది ఇక్కడే, విశాఖ దగ్గరే ఉందని పాకిస్తాన్‌ను నమ్మించేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఎత్తులు వేశారు. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన ఘాజీ జలాంతర్గామి డిసెంబర్ 3-4 రాత్రి మన రేవు ముందే మునిగింది. దాన్ని ఎవరు ముంచారన్న దాని మీద రెండు దేశాలకూ ఇప్పటికీ పడదు.

విక్రాంత్‌కు అప్పుడు పెద్ద జబ్బే ఉంది. నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగుళ్లొచ్చాయి, పూర్తి వేగం అందుకోలేదు. విమానవాహక నౌకకు వేగం అంటే గొప్ప కోసం కాదు. విమానం లేవాలంటే రెక్కల కింద గాలి కావాలి. ఓడ గాలికి ఎదురు పరిగెత్తి ఆ గాలిని తయారు చేయాలి, మిగతాది క్యాటపుల్ట్ చూసుకుంటుంది. ఓడ కుంటుతుంటే ప్రతి విమానానికీ బరువు లెక్క, గాలి లెక్క, దూరం లెక్క మళ్లీ వేయాలి. ఆ లెక్కలతోనే డిసెంబర్ 4న ఎనిమిది సీ హాక్‌లు లేచి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. ఆ తర్వాత చిట్టగాంగ్, ఖుల్నా, మోంగ్లా. సీ హాక్ స్క్వాడ్రన్‌ను నడిపిన లెఫ్టినెంట్ కమాండర్ సంతోష్ కుమార్ గుప్తాకు మహావీర చక్ర వచ్చింది. తర్వాత ఆయన రియర్ అడ్మిరల్ అయ్యారు. ఓడ కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్‌కూ అదే చక్ర. మొత్తం మీద విక్రాంత్ సిబ్బందికి రెండు మహావీర చక్రలు, 12 వీర చక్రలు దక్కాయి.

గుప్తాకు వచ్చిన చక్రకు వెనక ఓ సంగతుంది. విమాన విధ్వంసక తుపాకుల దెబ్బ తిన్న విమానాన్ని ఆయన వెనక్కి తెచ్చి, ఓడ మీదే దించారు. అదెంత పనో తెలియాలంటే డెక్ మీద దిగడం ఎలా ఉంటుందో కొంచెం చూడాలి. విక్రాంత్ ఈ కొస నుంచి ఆ కొసకు 700 అడుగులు, అందులో దిగడానికి దొరికేది కొంతే. ఆ కొంత కూడా కదులుతూ, లేస్తూ, పడుతూ ఉంటుంది. పక్కన అమర్చిన అద్దంలోని దీపాన్ని చూస్తూ పైలట్ దిగుతాడు. దీపం గీతకు పైన కనబడితే తాను ఎత్తులో ఉన్నట్టు, కింద కనబడితే పల్లంలో ఉన్నట్టు. తోకకు వేలాడే కొక్కెం డెక్ మీద అడ్డంగా బిగించిన ఉక్కు తాళ్లలో ఒకదాన్ని పట్టుకోవాలి. చక్రాలు తగలగానే నేల మీద ఎవరైనా ఇంజిన్ తగ్గిస్తారు. ఇక్కడ పూర్తిగా పెంచుతారు. కొక్కెం తాడును అందుకోకపోతే మళ్లీ గాల్లోకి లేవాలి కదా. ఆగుతున్నానో ఎగురుతున్నానో తెలియని ఆ ఒక్క క్షణంలో చెయ్యి ముందుకే తొయ్యాలి, మనసు ఎంత వద్దన్నా సరే. 1961 మే 18న ఈ పనిని విక్రాంత్ మీద జెట్ విమానంతో మొదట చేసిన లెఫ్టినెంట్ తహిలియానీ తర్వాత నౌకాదళాధిపతి అయ్యారు. ఆ దళంలో పైలట్ ఆ కుర్చీ ఎక్కడం అదే మొదలు.

ఈ దిగడానికి రిబ్బన్ లేదు. యుద్ధంలో అదీ దెబ్బ తిన్న విమానంతో దిగితే ప్రశంసాపత్రంలో ఒక వాక్యం వస్తుంది. మామూలు రోజున దిగితే లాగ్‌బుక్కులో ఒక అంకె.

ప్రశంసాపత్రాలు చదవడం నాకు రిబ్బన్ల కంటే ముదిరిన వ్యసనం. సాహస పతకాలకు అవి గెజిట్‌లో అచ్చవుతాయి. గుమాస్తా భాషే అయినా ఎక్కడికి వెళ్లాడు, ఏం కొట్టాడు, ఏం దెబ్బ తిన్నాడు అని వరుసగా చెప్పుకుపోతాయి. నలుగురు రచయితలు కలిసినా అంత పొదుపుగా రాయలేరు. విశిష్ట సేవా పతకాలకు ఆ ముచ్చట లేదు. పేరు, హోదా, అంతే. అందుకే అరుణ్ ప్రకాశ్ వరుసలో మిగతా మూడు బంగారు రిబ్బన్లూ నాకు మూగగా కనబడతాయి. వాటి వెనక ఏమీ లేక కాదు. సీ హారియర్లు మనకు వచ్చినప్పుడు 300వ స్క్వాడ్రన్ ఆయన చేతిలో ఉంది, 1983 డిసెంబర్‌లో విక్రాంత్ మీద మొదటి హారియర్‌ను దించింది ఆయనే. తర్వాత విమానవాహక నౌక విరాట్ కెప్టెన్. విశాఖలో ఉండే తూర్పు నౌకా విభాగాన్ని నడిపారు. 2001లో మూడు దళాల వారినీ ఒకే గొడుగు కిందికి తెచ్చిన అండమాన్ నికోబార్ కమాండ్‌కు తొలి అధిపతి. నౌకాదళాధిపతి అయిన అయిదు నెలలకే సునామీ వచ్చింది. మన తీరాల్లోనే కాక శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేషియాల్లో కూడా మన ఓడలు సాయానికి వెళ్లాయి. వీటిలో ఏ పనికి ఏ రిబ్బనో, ఎన్నేళ్ల పనికి ఏ గీతో గుడ్డ చెప్పదు.

మా వీధిలో సోంపేట వైపు నుంచి వచ్చిన ఓ పెద్దాయన ఉన్నారు. విరాట్ డెక్ మీద విమానాలు తోసే పనిలో చేరి, పింఛనుతో బయటికొచ్చారు. ఈ ఫొటో చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని తేరిపార చూశారు. మూడో రిబ్బన్ మీద వేలు పెట్టి, “ఇదేటి గురూగారూ, ఇక్కడుందేటి?” అన్నారు. ఆ వరుస ప్రభుత్వం నిర్ణయించిందన్నాను.

“కుర్సీలో కూకున్నోడికి ముందు బెంచీ, తుపాకుల్లోకి ఎగిరినోడికి ఎనక బెంచీయా?”

కుర్చీలో కూర్చున్నవాడు ఒక్కడి ప్రాణం కాదు, కొన్ని వేలమంది ప్రాణాలు చూసుకోవాలని వాదించాను. సునామీ సంగతీ చెప్పాను. పైగా పరమవీర చక్రను ఏ సేవా పతకమూ దాటలేదని, మహావీర చక్ర కూడా అతి విశిష్టకు ముందే ఉంటుందని వరుస ఒప్పజెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. అది జీతానికి చేసే పనట, దీనికి జీతం సరిపోదట. నిజానికి నేనూ పూర్తిగా ఒప్పుకోను. పెద్ద పదవులు ఎక్కినవారికి పరమ విశిష్ట వయసుతో పాటు నడిచొస్తుందని ఈ ఊళ్లో అందరికీ తెలుసు. కానీ ఆయన ముందు ఆ మాట అనేది లేదు. చిన్న ముక్క దొరికితే వారం రోజులు లాగుతారు.

“పోనీ, ఈర చక్రని ఇట్నుంచి తీసి కుడి జేబు మీదెట్టమనండి. అట్టాగే ఉంది గదా ఖాళీగా.”

కుడి జేబు మీద నేమ్‌ప్లేట్ ఉంటుందన్నాను.

“పేరు తీసేసి ఇదెట్టమనండి,” అన్నారు.