కరెంటు స్తంభం లేని చోట

కొబ్బరి ముక్కలు, పచ్చిమిరపకాయలు వేసి అమ్మ మీట తిప్పగానే మిక్సీ రెండు క్షణాలు గర్జించింది, తర్వాత మూలిగింది, ఆపైన ఆగిపోయింది. సీటు కింద ఇన్వర్టర్ కీచుమంటూ ఏడుపు లంకించుకుంది. బయట అప్పుడప్పుడే తెల్లవారుతోంది. మూడు డిగ్రీల చలి. కనుచూపు మేర గులకరాళ్లు, క్రియోసోట్ పొదలు, దూరదూరంగా మాలాంటి వాళ్ల బళ్లు.

"ఏరా, ఇంత దూరం తీసుకొచ్చింది కరెంటు కోత చూపించడానికా?" అంది అమ్మ.

ఒంగోల్లో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి. పేపర్లో వేసిన కోతల వేళలు గోడకు అంటించుకుని, కరెంటు పోయేలోగా పిండి రుబ్బి, ట్యాంకు నింపి, ఇస్త్రీ కానిచ్చిన తరం. ఆరు నెలల వీసా మీద అమెరికా వచ్చి, అరిజోనా ఎడారిలో, ముప్పై ఏళ్ల పాత మోటారుహోములో మళ్లీ అదే బతుకు చూస్తానని ఆమె అనుకోలేదు. ఆ మిక్సీ ఎందుకు ఆగిందో పూర్తిగా అర్థం కావడానికి నాకు నెలన్నర పట్టింది.

మేం ఆగిన చోటు క్వార్ట్‌జ్‌సైట్. ఫీనిక్స్ నుంచి పదో నంబరు ఇంటర్‌స్టేట్ మీద పడమరగా రెండు గంటల ప్రయాణం, కాలిఫోర్నియా సరిహద్దుకు దగ్గర. ఊళ్లో స్థిర నివాసులు రెండున్నర వేల లోపే. చలికాలంలో మాత్రం ఉత్తరాది మంచును తప్పించుకుని వచ్చిన రిటైరైన జనంతో చుట్టుపక్కల ఎడారంతా జాతరలా ఉంటుంది. ఆ భూమి ఫెడరల్ ప్రభుత్వానిది, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. ఆ సంస్థ చేతిలో దేశం మొత్తం మీద దాదాపు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి ఇది మూడున్నర రెట్లు. చాలా చోట్ల 14 రోజుల దాకా ఊరికే ఉండనిస్తారు. క్వార్ట్‌జ్‌సైట్ పక్కన లా పోసాలో అయితే పర్మిట్ కొనుక్కుంటే సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండొచ్చు. నీళ్ల కుళాయి, కరెంటు ప్లగ్గు మీ బండి దగ్గరికి రావు.

ఇలా ఉండటాన్ని ఇక్కడ బూన్‌డాకింగ్ అంటారు. ఫిలిప్పీన్స్ వాళ్ల తగలోగ్ భాషలో 'బుందొక్' అంటే కొండ. అక్కడ యుద్ధం చేసిన అమెరికన్ సైనికులు ఆ మాటను ఇంటికి తెచ్చుకున్నారు, మారుమూల అనే అర్థంలో స్థిరపడింది. ఈ అలవాటు మాత్రం కారు పుట్టిన కొత్తలోదే. టిన్ క్యాన్ టూరిస్ట్స్ అనే పేరుతో కార్ల క్యాంపింగ్ వాళ్లు ఫ్లోరిడాలోని టాంపాలో 1919లోనే సంఘం పెట్టుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే ఈ ఎడారిలో ఒంటెలు నడిచాయి. 1856లో అమెరికా సైన్యం కోసం ఒంటెలతో పాటు వచ్చిన హాజీ అలీ, ఇక్కడి వాళ్ల నోట్లో హై జాలీ అయ్యాడు. 1902లో చనిపోతే క్వార్ట్‌జ్‌సైట్‌లోనే పాతిపెట్టారు. సమాధి మీద రాతి పిరమిడ్, దాని కొసన లోహపు ఒంటె. నీళ్లు పొదుపుగా వాడుకుని నడిచే జంతువు ఈ ఊరికి గుర్తుగా మిగలడం నాకు భలే నచ్చింది.

మా బండి 1994 నాటిది. ఫోర్డు వ్యాను ముక్కు, వెనక 24 అడుగుల పెట్టె, ఏడున్నర లీటర్ల వి-8 ఇంజను, లీటరుకు మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఇలాంటి పాత బళ్లన్నిటిదీ ఒకటే తత్వం: రోజంతా నడిచి, సాయంత్రానికి ఒక క్యాంపుగ్రౌండు చేరి, అక్కడి స్తంభానికి 30 ఆంపియర్ల తీగ తగిలించుకోవాలి. ఆ తీగ 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు ఇస్తుంది. ఏసీ, మైక్రోవేవ్ దాని మీదే నడుస్తాయి. బల్బులు, నీటి పంపు, హీటరు ఫ్యాను మాత్రం 12 వోల్టులవి. వాటి కోసం కన్వర్టర్ అనే పెట్టె ఏసీ కరెంటును డీసీ చేసి, మిగిలింది బ్యాటరీకి పోస్తుంది. అంటే బ్యాటరీ ఒక రాత్రి గడవడానికి పెట్టింది. వారాల తరబడి దాని మీద బతకమంటే ముందు ఆ పెట్టె తెల్లమొహం వేస్తుంది. పాత కన్వర్టర్ ఎప్పుడూ ఒకే 13.7 వోల్టుల దగ్గర కూర్చుంటుంది. సీసం బ్యాటరీ నిండాలంటే కొంతసేపైనా 14.5 దాకా ఎక్కాలి, నిండాక దిగాలి. ఇది ఎక్కదు, దిగదు. దాంతో ఎడారిలో బ్యాటరీ ఎప్పుడూ అరకొరగానే నిండి ప్లేట్ల మీద సల్ఫేటు గడ్డకడుతుంది. ఇంటి దగ్గర నెలల తరబడి ప్లగ్గులో ఉంటే నీళ్లు ఇగిరిపోతాయి. డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచిపోతే ఇన్వర్టర్ బ్యాటరీ ఏమవుతుందో మన ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

మొదలుపెట్టేవాళ్లు సోలార్ ప్యానెల్ ధరలు చూడటంతో మొదలుపెడతారు. నేనూ అదే చేశాను, తప్పు. ముందు పైకప్పు ఎక్కాలి. గాలి కిటికీల అంచుల దగ్గర సీలెంటు పగిలిందా, మూలల్లో నొక్కితే చెక్క మెత్తగా దిగుతోందా చూడాలి. కుళ్లిన చెక్కలోకి ప్యానెల్ స్క్రూలు దించితే మొదటి పెద్ద గాలికి హైవే మీద ఎగిరిపోతాయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. మోటారుహోము టైరు అరిగి చావదు, ఎండకు ఎండి చస్తుంది. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా ఆరేడేళ్లు దాటితే నమ్మొద్దు.

ఇక కరెంటు. అక్కడా సంపాదన కన్నా ముందు ఖర్చు చూడాలి. మా బండిలో పాత బల్బు ఒక్కొక్కటి 18 వాట్లు తినేది. బాత్రూమ్‌లో ఒకటి ఆర్పడం మరిచిపోతే ఎనిమిది గంటల రాత్రిలో 144 వాట్-అవర్లు హారతి కర్పూరం. అమ్మ మిక్సీ 750 వాట్లదే కానీ పచ్చడికి మూడు నిమిషాలు చాలు, దాని ఖర్చు 38 వాట్-అవర్లు. అంటే బాత్రూమ్ బల్బుకు పోయిన కరెంటుతో నాలుగు రోజుల పచ్చడి నూరుకోవచ్చన్నమాట. వాట్లకు, వాట్-అవర్లకు తేడా నాకు ఇంజనీరింగులో మార్కులు తెచ్చింది గానీ మనసుకు పట్టింది ఈ లెక్కతోనే. బల్బులన్నీ రెండేసి వాట్ల ఎల్ఈడీలు చేశాను. గంట పని.

చలికాలంలో అసలు దొంగ హీటరు. మండేది ప్రొపేన్ గ్యాసే అయినా వేడిగాలి తోసే ఫ్యాను 12 వోల్టుల మీద ఏడు ఆంపియర్లు లాగుతుంది. పది గంటల రాత్రిలో నాలుగు గంటలు తిరిగినా 28 ఆంపియర్-అవర్లు. మొదటి రాత్రి మా బ్యాటరీని తెల్లారేసరికి 12.1 వోల్టులకు, అంటే సగానికి దింపిన వాటిలో పెద్దది ఇదే. ఇప్పుడు ఫ్యాను లేని చిన్న గ్యాసు హీటరు పెట్టుకున్నాం. కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ చూసుకుని, పడుకునే ముందు ఆపేయాలి. ఈ మూడింటిలో ఏదీ బేరమాడకూడదు.

ఫ్రిజ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే పాత బండిలో అన్నిటికన్నా అందమైన యంత్రం అదే. దానికి కంప్రెసర్ లేదు, కదిలే భాగమే లేదు. కింద చిన్న గ్యాసు మంట. ఆ వేడికి నీళ్లలో కరిగిన అమ్మోనియా విడిపోయి, పైకెళ్లి చల్లబడి ద్రవమై, హైడ్రోజన్ వాయువులో మళ్లీ ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాక్కుంటుంది. మంట పెట్టి మంచు చేయడం. 1922లో స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ అనే ఇద్దరు కుర్రాళ్లు కనిపెట్టారు. రోజుకు కిలో లోపు గ్యాసుతో నడుస్తుంది. మన ఇంటి 14.2 కిలోల సిలిండర్ లెక్కన చూస్తే రెండు వారాలు దాటుతుంది. అయితే బండి వాలుగా ఆగితే అమ్మోనియా ద్రావణం ఒకచోట నిలిచి ఉడికిపోతుంది, ఫ్రిజ్ శాశ్వతంగా పాడవుతుంది. అందుకే పాతకాపులు ఆగగానే ముందు నేల మట్టం చూసి, చక్రాల కింద చెక్కలు పెడతారు. దీన్ని పీకేసి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టడం ఇప్పటి ఫ్యాషన్. పెట్టుకోండి, తప్పులేదు. పని చేస్తున్నదాన్ని పీకడం మాత్రం నాకు మనసొప్పలేదు.

మా పాత బ్యాటరీలు గోల్ఫ్ కార్టువి, ఆరు వోల్టులవి రెండు. ఒక్కోటి ముప్పై కిలోలకు దగ్గర. కలిపి 220 ఆంపియర్-అవర్లు అని రాసి ఉన్నా సగం కన్నా కిందికి దింపితే ఆయుష్షు తరిగిపోతుంది. చేతికొచ్చేది 1,300 వాట్-అవర్లు. వాటి స్థానంలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, 200 ఆంపియర్-అవర్లది, ఒక్కటి పెట్టాను. పాతిక కిలోల లోపే, రెండు వేల పైన వాట్-అవర్లు వాడుకోవచ్చు. ఈ రసాయనాన్ని బ్యాటరీకి పనికొచ్చేదిగా లోకానికి చూపించిన 1997 నాటి పరిశోధన పత్రం మీద మొదటి పేరు అక్షయ పాఢీ, రెండోది నంజుండస్వామి, మూడోది తర్వాత నోబెల్ అందుకున్న జాన్ గుడెనఫ్. టెక్సాస్ ప్రయోగశాలలో మనవాళ్లిద్దరు చేసిన పని ఎడారిలో మా సీటు కింద ఉందని అమ్మతో చెబితే, "అయితే మిక్సీ ఆడుతుందా?" అంది.

ఈ బ్యాటరీకీ పట్టింపులున్నాయి. సున్నా డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జి ఎక్కించకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుని పాడవుతుంది. సీసం బ్యాటరీలా హైడ్రోజన్ వదలదు కనుక బయటి అర నుంచి తీసి సీటు కిందికి, వెచ్చగా, మార్చుకోవచ్చు. వోల్టు మీటరు చూసి ఎంత మిగిలిందో చెప్పలేం, నిండుకున్న దాకా 13కు అటూఇటూగానే కూర్చుంటుంది. షంట్ పెట్టి, వచ్చిన ఆంపియర్లు, పోయిన ఆంపియర్లు లెక్కగట్టే మీటరు కావాలి. ఇంజను ఆల్టర్నేటర్‌కు నేరుగా కలిపితే ఇది ఎంతైనా తాగేస్తుంది, ఆల్టర్నేటర్ మాడిపోతుంది. మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ పెడితే ముప్పై ఆంపియర్ల దగ్గర పగ్గం బిగిస్తుంది.

అయితే ఆ పొద్దున మిక్సీ ఆగిన కారణం బ్యాటరీ ఒక్కటే కాదు. సీటు కిందికి టార్చి పట్టుకుని దూరితే తెలిసింది: నా కన్నా ముందు యజమాని బ్యాటరీ నుంచి పన్నెండు అడుగుల దూరంలో ఇన్వర్టర్ పెట్టి, పెన్సిలంత లావు తీగ లాగాడు. 750 వాట్లంటే గోడ ప్లగ్గు దగ్గర ఆరేడు ఆంపియర్లే. అదే 12 వోల్టుల వైపు, ఇన్వర్టర్ తినేది కలుపుకుంటే, 70. ఆ 70 ఆంపియర్లు ఆ సన్నటి తీగలో పోను రాను పాతిక అడుగులు నడిచేసరికి దారిలోనే ఒక వోల్టు హరించుకుపోతుంది. రాత్రి అలసిన బ్యాటరీ ఆ లోడుకు 11.5కు జారింది, ఒకటి పోతే పదిన్నర. అక్కడ ఇన్వర్టర్ చేతులెత్తేసింది. ఇప్పుడు ఇన్వర్టర్‌ను బ్యాటరీ పక్కకు జరిపి, బొటనవేలు లావు రాగి తీగతో మూడడుగుల్లో కలిపాను. నష్టం వోల్టులో ముప్పయ్యో వంతు. తీగ మొదట్లో, బ్యాటరీకి జానెడు దూరంలో, క్లాస్-టి ఫ్యూజు. లిథియం బ్యాటరీ షార్టయితే వేల ఆంపియర్లు ఒక్కసారిగా కక్కుతుంది, చౌక ఫ్యూజు తెగినా నిప్పురవ్వ తెగదు. ఫ్యూజు దగ్గర పిసినారితనం చూపించే వాళ్లను పక్క బండిలో చూస్తే నేను నా బండి దూరం జరుపుకుంటాను.

సోలార్ చివర వచ్చింది. పైకప్పు మీద 200 వాట్లవి రెండు. ప్యానెల్‌కూ బ్యాటరీకీ మధ్య పెట్టే చౌక కంట్రోలర్ ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టుకే దింపేస్తుంది: 18 వోల్టుల దగ్గర 11 ఆంపియర్లు ఇవ్వగల ప్యానెల్ 13 దగ్గర అదే 11 ఇస్తుంది, 198 వాట్లకు బదులు 143. ఎంపీపీటీ కంట్రోలర్ ఆ తేడాను చాలా వరకు రాబడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం సూర్యుడిది. డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం హైదరాబాదులో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, క్వార్ట్‌జ్‌సైట్‌లో 33 దాకానే ఎక్కుతాడు. పైకప్పు మీద పడుకున్న ప్యానెల్‌కు నేరుగా పడే ఎండలో సగానికి కాస్త పైనే అందుతుంది. ఒకవైపు లేపి దక్షిణానికి వాల్చే కాళ్లు పెట్టాక, వెయ్యి వాట్-అవర్లు వచ్చే రోజున పదిహేను వందలు దాటడం చూశాను. ప్రతి మకాములో నిచ్చెన ఎక్కాలి, గాలి లేస్తే దించాలి. మా పక్క బండి పెద్దాయన డెబ్బై అయిదేళ్ల వయసులో రోజూ ఎక్కేవాడు. అడిగితే జిమ్ ఫీజు మిగిలిందన్నాడు.

పైకప్పు ఏసీ ఈ లెక్కలో పట్టదు. గంటకు పధ్నాలుగు, పదిహేను వందల వాట్-అవర్లు అడిగేదాన్ని ఎండతో పోషించాలంటే పైకప్పు చాలదు. వేడెక్కితే బండికి చక్రాలున్నాయి, ఎత్తయిన ఊరికి పోవాలి. చలికాలం లా పోసా, ఎండాకాలం కొండలు, ఒంటెలు కూడా అంతే చేసేవేమో. నీళ్లదీ అదే కథ: మా ట్యాంకు నూట యాభై లీటర్లు, మాకు అయిదు రోజులు. అది కరెంటు కన్నా ముందే మమ్మల్ని ఊళ్లోకి తరుముతుంది.

మార్చిలో మళ్లీ వెళ్లాం. పొద్దున ఆరింటికి మిక్సీ ఆడుతుందని గర్వంగా చెప్పాను. అమ్మ వినిపించుకోలేదు, కొబ్బరి ముక్కలు మూత పెట్టి పక్కన పెట్టింది. పదకొండు గంటలకు తలుపు తీసి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండ చూసింది.

"ఏరా, కరెంటొచ్చే వేళయిందా?"

మీటరు చూశాను. ప్యానెళ్ల నుంచి 24 ఆంపియర్లు దిగుతున్నాయి. వచ్చిందన్నాను. మిక్సీ గర్జించింది, ఆగలేదు. అంకె గిర్రున మైనస్ యాభైకి పడి, మూడు నిమిషాలకు మళ్లీ 24 దగ్గరికొచ్చి కూర్చుంది. అమ్మ తిరగమోతకు గ్యాసు పొయ్యి వెలిగించింది.