చిలుము, అచ్చుదోషం, పునర్ముద్రణ: శాతవాహన నాణేల పఠనంలో ఒక విచారణ

శాతవాహనుల నాణేలు చరిత్రకారులకే కాక భాషాపరిశోధకులకూ ప్రాథమికాధారాలు. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో లభించిన నాణేలపై చదివిన ‘చిముక’ అనే పేరు ఆ వంశపు తొలి స్థావరాన్ని గురించిన చర్చకు కొత్త బలాన్నిచ్చింది. శాతవాహన రాజుల ముఖచిత్రాలున్న వెండి నాణేలపై ఒకవైపు ప్రాకృతం, మరొకవైపు ద్రావిడ భాషారూపం కనిపిస్తాయి. ఇంత చిన్న లేఖనాలలో ఒక్క అక్షరం మారినా నిర్ణయం మారుతుంది. కాబట్టి లోపించిన అక్షరం ఏదన్న ప్రశ్నకంటే అది ఎందుకు లోపించిందన్న ప్రశ్న ముందు రావాలి. తాళపత్ర పరిష్కర్త పురుగు తిన్న చోటును, లేఖకుని పొరపాటును వేరుచేసి చూస్తాడు. నాణెం విషయంలో ‘అస్పష్టం’, ‘అరిగిపోయింది’ అని సరిపెట్టడం ఆ బాధ్యతను విస్మరించడమే.

నాణెంపై కనిపించే మార్పులలో కొన్ని టంకశాలలో కలిగినవి, కొన్ని ఆ తరువాత కలిగినవి. గంధక సమ్మేళనాల వల్ల వెండి నల్లబడుతుంది. రాగికి చిలుము పడుతుంది. సీసంపై తెల్లని పొర ఏర్పడుతుంది. ఇవి ప్రధానంగా ఉపరితలానికి చెందినవి. తుప్పు లోతుగా తినకపోతే పొర కింద అక్షరపు ఎత్తుపల్లాలు నిలిచే ఉంటాయి. ముద్రణదోషం అలా కాదు. అది లోహపు ఆకృతిలోనే ఉంటుంది. అచ్చు పక్కకు జరిగితే లేఖనం ఒక అంచున తెగిపోయి, ఎదుటి అంచున ఖాళీ మిగులుతుంది. ఒకే అచ్చు రెండుసార్లు పడితే గీతలు ఒక క్రమంలో జంటలుగా కనిపిస్తాయి. తుప్పుకు అటువంటి క్రమం ఉండదు.

అయితే ప్రతి జంటముద్రా దోషం కాదు. నాసిక్ ప్రాంతంలోని జోగల్‌తంబిలో 1906లో లభించిన నిధిలో నహపానుని వెండి నాణేలు 13,000కు పైగా ఉన్నాయి. వాటిలో 9,000కు పైగా నాణేలపై గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర వేయించాడు. ముద్రణదోషంలో అదే అచ్చు పునరావృతమవుతుంది; ఇక్కడ ఓడిన రాజు ముద్రపై గెలిచిన రాజు ముద్ర పడింది. దీనిని దోషంగా లెక్కిస్తే ఒక రాజకీయ ప్రకటనే చరిత్ర నుండి తొలగిపోతుంది.

ఈ వివేచనకు రంగు ఒక్కటే ప్రమాణం కాజాలదు. ఒకే అచ్చుతో ముద్రించిన పలు నాణేలను పోల్చాలి. లోపం అన్నింటిలోనూ ఒకే చోట ఉంటే అది అచ్చుకు చెందినదని భావించవచ్చు. ఒక్కదానిలోనే ఉంటే ఆ నాణెపు ముద్రణలోనో, తరువాతి కాలంలోనో కారణాన్ని వెతకాలి. మెరుపు కోసం ఆమ్లాలతో కడిగితే పొరతోపాటు ఈ సాక్ష్యమూ పోతుంది. పూరించిన అక్షరాన్ని కుండలీకరణంలో చూపడంతో ఆగక, లోపానికి కారణాన్ని కూడా నమోదు చేసినప్పుడే ఆ పఠనం తరువాతి పరిశోధకుని పరీక్షకు నిలుస్తుంది.